ఉద్దానం స్త్రీలు – యుద్ధకాలపు సాయుధ సేవ

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస మొదలుకొని సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం దాకా సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళ స్త్రీలు యుద్ధం రోజుల్లో తుపాకి పట్టడం, పట్టినవాళ్ళకు అండగా నిలవడం ఈ వ్యాసవిషయం. ఇందులో ఎక్కువ భాగం 1968–70 నాటి శ్రీకాకుళ సాయుధ పోరాటానిదే. ఆ పోరాటంలో దళంలో పనిచేసి 1969 డిసెంబరు 22న చనిపోయిన పంచాది నిర్మల పేరు ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. దానికి ముందు రెండో ప్రపంచ యుద్ధం, బర్మా వలస ఉన్నాయి. దాని తర్వాత నేటి సైన్యంలో అమ్మాయిల ప్రవేశం ఉంది.

‘సేవ’, ‘సేన’ అన్న మాటలను ఇక్కడ కొంచెం వెడల్పు చేసి వాడక తప్పదు. 1968–70 ఘటనలను ప్రభుత్వం ఏనాడూ యుద్ధమనలేదు. దాని దృష్టిలో అది శాంతిభద్రతల సమస్య, కుట్ర కేసు. పాల్గొన్నవాళ్ళు మాత్రం దాన్ని గెరిల్లా యుద్ధమనే పిలిచారు, తమను సైనికుల్లాగే ఎంచుకున్నారు. సైన్యం చిట్టాలో పేరున్నవాళ్ళనే లెక్కపెడితే ఈ తీరంలో 20వ శతాబ్దపు స్త్రీల గురించి రాయడానికి దాదాపు ఏమీ మిగలదు. ఉన్న కథ అంతా చిట్టాకెక్కనిదే.

నేల

ఉద్దానం అన్న పేరు ‘ఉద్యానం’ నుంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు కలిసిపోయి ఊరెక్కడ ముగిసిందో తోటెక్కడ మొదలైందో తెలియని ప్రాంతం. తూర్పున సముద్రం, పడమట మహేంద్రగిరి కొండల వరస, రెంటి మధ్య కలకత్తా–మద్రాసు రైలుదారి, పెద్దరోడ్డు. కొండకీ కడలికీ మధ్య నేల ఇక్కడ సన్నపాటి పట్టీ మాత్రమే. రాత్రి తోటలో ఉన్న మనిషి తెల్లారేసరికి కొండమొదట్లో ఉండగలడు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే చిన్న రైలు ఈ తీరాన్ని సవరల కొండలకు కలిపేది. ఆ లైను పర్లాకిమిడి దాకా 1900లోనే పడింది.

జీడిచెట్టు గురించి ఒక మాట చెప్పుకోవాలి. దాని కొమ్మలు పైకి పోవు, పక్కలకు పాకి నేలను తాకుతాయి. గుబురుగా పెరిగిన జీడితోటలో పది అడుగుల అవతల ఉన్న మనిషి కనిపించడు. గెరిల్లా యుద్ధానికి అడవే అక్కరలేదని ఉద్దానం వాళ్ళకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేకపోయింది.

ఆ జీడే స్త్రీలకు కూలి. పలాస బట్టీల్లో జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పొట్టు తీసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పిక్క పెంకులో ఉండే రసం తగిలితే చర్మం కాలి పొరలు లేస్తుంది. చేతులకు బూడిదో నూనో రాసుకుని పనికి కూర్చోవడం తరాల అలవాటు. ఉద్యమం ఊళ్ళలోకి వచ్చినప్పుడు భూమి, కూలి, వడ్డీ అన్న మాటలు ఈ చేతులకు కొత్తగా అర్థం చెప్పాల్సినవి కావు.

1940: మందస

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు నెలలకే ఈ తీరంలో ఒక స్త్రీ తుపాకి గుండుకు బలైంది. ఆమె సిపాయి కాదు, రైతుకూలి. మందస జమీందారీ అడవిలో కలప, వంటచెరకు తెచ్చుకునే హక్కు కోసం రైతులు తిరగబడ్డారు. అఖిల భారత కిసాన్ సభ మహాసభ 1940 మార్చి ఆఖరులో పలాసలోనే జరిగింది. ఆ వేడి చల్లారకముందే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో రైతులను పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులకు జనం అడ్డం పడ్డారు. కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ, మరికొందరు చనిపోయారు. ఆ చుట్టుపక్కల ఆమెను వీర గున్నమ్మ అనే పిలుస్తారు.

గున్నమ్మను సాయుధ సేవ వ్యాసంలో చేర్చడం సరైనదేనా అని అడగవచ్చు. ఆమె చేతిలో ఆయుధం లేదు. అయినా 28 ఏళ్ళ తర్వాత ఇదే మందస–సోంపేట ఊళ్ళలో ఆడవాళ్ళు పోలీసులకు ఎదురు నిలిచినప్పుడు వాళ్ళకు గుర్తున్నది ఝాన్సీ లక్ష్మీబాయి కంటే గున్నమ్మ అయివుండాలి. ఆమె కాలం మనుషులు ఇంకా బతికే ఉన్నారు కదా.

రంగం దారి

ఉత్తరాంధ్ర తీరానికి రెండో ప్రపంచ యుద్ధం ‘రంగం’ నుంచి వచ్చింది. రంగం అంటే రంగూన్. బారువ, కళింగపట్నం, గోపాలపురం రేవుల నుంచి తరతరాలుగా కూలీలు ఓడెక్కి బర్మా పోయేవారు. రేవుల్లో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో పనిచేయడం. అక్కడివాళ్ళు వీళ్ళను కోరంగీలన్నారు. 1930లో రంగూన్‌లో చెలరేగిన అల్లర్లు తెలుగు రేవుకూలీల సమ్మెతో మొదలైనవే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. కొన్ని నెలల్లోనే లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ పట్టి నడిచి స్వదేశం వైపు వచ్చారు. దారిలో వేలమంది చనిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి.

ఆ నెలలోనే బ్రిటిష్ ప్రభుత్వం ‘విమెన్స్ ఆక్సిలరీ కోర్’ను ఏర్పాటుచేసింది. యుద్ధం ముగిసేలోగా పదివేలకు పైగా స్త్రీలు అందులో చేరారు. టైపు, టెలిఫోను, రహస్య సందేశాలు, మెస్సు, లెక్కలు వాళ్ళ పనులు. నౌకాదళానికి దీనిలోనుంచే మరో విభాగం వచ్చింది. 1943లో మిలిటరీ నర్సింగ్ సర్వీసు ఏర్పడింది. వీటన్నిటికీ ఇంగ్లీషు చదువు కావాలి. చేరినవాళ్ళలో ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులు, పట్నాల చదువరులు ఎక్కువ. జీడిబట్టీలో కూర్చున్న అమ్మాయికి ఆ గుమ్మం చాలా ఎత్తు.

సముద్రానికి అవతల ఇంకో గుమ్మం తెరుచుకుంది. 1943 జులైలో సింగపూర్‌లో సుభాష్ చంద్రబోస్ ఝాన్సీ రాణి రెజిమెంటును ప్రకటించారు. డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్ దానికి నాయకురాలు. అక్టోబరు 22న శిక్షణ శిబిరం మొదలైంది. మలయా రబ్బరు తోటల తమిళ కుటుంబాల పిల్లలు అందులో ఎక్కువ. బర్మాలోని భారతీయ కుటుంబాల నుంచీ చేరారు. చదువు రానివాళ్ళను కూడా తీసుకుని, రోమన్ లిపిలో హిందుస్తానీ నేర్పి, రైఫిలు, మరతుపాకి పట్టించారు. ఆ రోజుల్లో ప్రపంచంలో అలాంటి పదాతి దళాలు అరుదు. ఇంఫాల్ దండయాత్ర విఫలం కావడంతో వాళ్ళు అసలు యుద్ధరేఖ దాకా పోలేదు. 1945 ఏప్రిల్‌లో రంగూన్ విడిచి బ్యాంకాక్ వైపు సాగిన ప్రయాణమే వాళ్ళ పెద్ద పరీక్ష అయింది.

ఆ రెజిమెంటు మనిషి ఒకరు ఈ తీరానికి పడమటనున్న కొండల అవతల, కొరాపుట్ జిల్లా జయపురంలో చాలాకాలం బతికారు. పేరు లక్ష్మీ పండా. బర్మాలో పుట్టి, బాంబుల్లో తల్లిదండ్రులను పోగొట్టుకుని, పన్నెండు పదమూడేళ్ళ వయసులో శిబిరం చేరిన ఒడియా పిల్ల. స్వాతంత్ర్యం వచ్చాక ఆమె ఇళ్ళల్లో పనిచేసి పొట్ట పోసుకున్నారు. జైలుకు పోయిన దాఖలా లేదన్న కారణంతో కేంద్రం పింఛను చాలా ఏళ్ళు రాలేదు. 2008లో, చివరి దశలో, కేంద్రం గుర్తించింది. ఆ ఏడే కన్నుమూశారు. దాఖలా అన్న మాట ఈ వ్యాసంలో మళ్ళీ వస్తుంది.

1967–70: తోటల నుంచి కొండలకు

శ్రీకాకుళ పోరాటం పార్వతీపురం ఏజెన్సీలో పుట్టింది. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. సవరలు, జాతాపుల మధ్య గిరిజన సంఘం కట్టారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోతున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో విడుదలయ్యారు. ఏడాది తిరిగేలోగా ఆయుధం పట్టాలన్న నిర్ణయం జరిగింది.

ఏజెన్సీ మంట మైదానానికి దిగిన చోటు ఉద్దానం. బొడ్డపాడు దానికి గుండెకాయ. పలాసకు దగ్గర్లో ఉన్న ఈ చిన్న ఊరు పోరాటానికి ఇచ్చినంతమందిని ఆ జిల్లాలో మరే మైదాన గ్రామమూ ఇవ్వలేదనవచ్చు. పంచాది కృష్ణమూర్తి, తామాడ గణపతి ఇక్కడివాళ్ళే. ఈ ఊరి గుడిలో పూజారిగా పనిచేసిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమానికి తెచ్చాడు. జముకు వాయిద్యం, ఇద్దరు వంతలు, నడుమ కథకుడు. రాత్రి భోజనాలయ్యాక ఊరంతా కూర్చుని వినే కథ కాబట్టి ఆడవాళ్ళు ఉద్యమం మాట విన్నది మీటింగుల కంటే ముందు ఈ కథల్లోనే. పురుషుల సభలకు వెళ్ళలేని ఇల్లాలికి జముకుల కథకు వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

1968 నవంబరులో గరుడభద్రలో భూస్వామి పొలంలో పంటను జనం బలవంతంగా కోసుకున్నారు. ఉద్దానంలో ఉద్యమం బహిరంగంగా తలపడిన తొలి ఘటనల్లో ఇది ఒకటి. ఊరేగింపులో, కోతలో స్త్రీలు ఉన్నారు. వాళ్ళపై దౌర్జన్యం జరగడమే తర్వాతి కసికి కారణమని ఉద్యమం వైపు కథనాలు చెబుతాయి. ఇది గుర్తుంచుకోవాల్సిన ఘట్టం. ఇక్కడ స్త్రీలు గుంపుగా ఉన్నారు, చేతుల్లో కొడవళ్ళు ఉన్నాయి, చుట్టూ సొంత ఊరివాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత ఏడాదిలో ఈ మూడూ మారిపోయాయి.

పంచాది నిర్మల

నిర్మల కృష్ణమూర్తి భార్య. ఆమె గురించి రాసేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు, భర్త వెంట నడిచిన ఇల్లాలన్నట్టు. తేదీలు పక్కపక్కన పెడితే మరోలా కనిపిస్తుంది. కృష్ణమూర్తి 1969 మే 27న పోలీసుల చేతిలో చనిపోయాడు. సహచరులతో కలిసి రైలు దిగాక పట్టుకుని, జలంత్రకోట దగ్గర కాల్చారని ఉద్యమం అంటుంది. ఎదురుకాల్పులని పోలీసులన్నారు. తెలుగులో ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట ఇంటింటికీ తెలిసింది ఆ రోజుల్లోనే. అప్పటికి నిర్మల వెనక్కి తిరిగిపోవడానికి కారణం ఉంది, అవకాశమూ ఉంది. ఆమె దళంలోనే ఉండిపోయింది. నాయకత్వం వహించింది. మరో ఏడు నెలలకు, డిసెంబరు 22న, రంగమటియ కొండల్లో చనిపోయింది.

ఆ రోజే సుబ్బారావు పాణిగ్రాహి చనిపోయాడు. పాణిగ్రాహి కవి గనుక ఆ తేదీ సాహిత్య చరిత్రల్లోకి కూడా ఎక్కింది. చనిపోయినవారిలో నిర్మల ఒక్కతే స్త్రీ కాదు. అంకమ్మ, సరస్వతి అన్న మరో ఇద్దరు ఉన్నారు. వీళ్ళ పేర్లు జాబితాల్లో నిర్మల పక్కన ఒక్క మాటగా వచ్చి వెళ్ళిపోతాయి. ఈ మరణాల మీదా రెండు కథనాలే: పోలీసులది ఎదురుకాల్పులు, ఉద్యమానిది పట్టుకుని చంపడం.

నిర్మల ఆ మధ్య ఏడు నెలలు ఎలా గడిపి ఉంటుంది? ఆ కాలం గడ్డుది. 1969లో ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. కేంద్ర రిజర్వు పోలీసు బలగాలు దిగాయి. తోటల్లో ఉండే వీలు తగ్గింది, దళాలు కొండల్లోకి జరిగాయి. ఆయుధాలు నాటు తుపాకులు, బల్లేలు, గొడ్డళ్ళు, చేతిబాంబులు. సవర దళాల దగ్గర విల్లంబులు. దళం అంటే పది మందికి లోపు మనుషులు. పగలు పొదల్లో, రాత్రి నడక. మైదానపు చీరకట్టు కొండదారికి పనికిరాదు. సముద్రగాలికి అలవాటైన మనిషికి డిసెంబరులో కొండచలి వేరే శత్రువు.

దళం, దళం బయట

చరిత్ర పుస్తకాలు దళంలో ఉన్న ఆడవాళ్ళను లెక్కపెడతాయి. వాళ్ళు కొద్దిమందే. దళాన్ని బతికించిన ఆడవాళ్ళ లెక్క ఎవరూ తీయలేదు. అన్నం వండి మూట కట్టి తోటలో పెట్టడం, ఊరి మొగలో నీళ్ళ బిందెతో నిలబడి పోలీసుల రాక కనిపెట్టడం, చీటీ అందించడం, దెబ్బ తగిలినవాణ్ణి ఇంట్లో దాచడం. ఏ సైన్యంలోనైనా వీటికి సరఫరా, గస్తీ, సమాచారం, వైద్యం అని విడివిడి విభాగాలుంటాయి, జీతాలుంటాయి, పింఛన్లుంటాయి. ఇక్కడ ఇవన్నీ ఇంటిపని కింద జమ.

దీని మూల్యం మాత్రం సైనికుల స్థాయిలోనే చెల్లించారు. మగవాళ్ళు ఊళ్ళు విడిచిపోయాక సోదాలు, నిలదీతలు, దెబ్బలు ఎదుర్కొన్నది ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళు.

ఈ వ్యాసకర్త అంచనాలో, పోరాటం సాగిన తీరే స్త్రీల సంఖ్యను తగ్గించింది. 1968లో గరుడభద్రలో వందల చేతులకు పనుంది. 1969 మార్చిలో నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ వచ్చి వెళ్ళాక, ఏప్రిల్‌లో మార్క్సిస్టు–లెనినిస్టు పార్టీ ఏర్పడ్డాక, వర్గశత్రువును చిన్న దళాలు రహస్యంగా చంపే పంథా ముందుకొచ్చింది. భూస్వాములు, వడ్డీవ్యాపారులు కొందరు అలా హతమయ్యారు. తరిమెల నాగిరెడ్డి వంటి విప్లవ నాయకులే ఆ పంథాను తప్పుపట్టారు. వాళ్ళ విమర్శ ప్రజా ఉద్యమం గురించి. అదే విమర్శ స్త్రీలకు రెట్టింపు వర్తిస్తుంది. రాత్రిపూట గొడ్డళ్ళతో వెళ్ళే అయిదుగురి దళంలో ఒక నిర్మలకు చోటుండవచ్చు. పంటకోతకు కొడవలి పట్టి వచ్చిన మిగతా ఆడవాళ్ళకు అక్కడ చోటు లేదు. ఆయుధం వచ్చేసరికి స్త్రీలు ఎక్కువయ్యారన్న ఊహ ఉద్దానంలో తారుమారైంది.

1970 జులై 10న వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం బోరి కొండల్లో చనిపోయారు. దాంతో పోరాటం తొలి దశ ముగిసినట్టే. మిగిలినవాళ్ళు పార్వతీపురం కుట్ర కేసులో ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

తెలంగాణ పక్కన పెట్టి చూస్తే

1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు ఉద్దానం కంటే చాలా ఎక్కువమంది. మల్లు స్వరాజ్యం రాజక్క పేరుతో దళం నడిపారు. ఆమె తలకు 10,000 రూపాయల వెల కట్టారు. ఆరుట్ల కమలాదేవి మరొకరు. అసలు తేడా సంఖ్యలో కంటే ఆ తర్వాత జరిగినదానిలో ఉంది. తెలంగాణ స్త్రీలు చాలామంది బతికారు. స్వరాజ్యం తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో శాసనసభకు గెలిచి, 2022 మార్చి 19 దాకా జీవించి తన కథ తానే చెప్పారు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో ఆ తరం స్త్రీల మాటలను అచ్చువేసింది. పోరాట విరమణ తర్వాత ఇంటికి పోయి పెళ్ళిచేసుకొమ్మన్నారని, తుపాకి పట్టిన చేతికి మళ్ళీ గరిటె ఇచ్చారని ఆ స్త్రీలు నిష్ఠూరంగానే చెప్పుకున్నారు.

ఉద్దానంలో నిష్ఠూరమాడడానికి కూడా మనిషి మిగల్లేదు. నిర్మల, అంకమ్మ, సరస్వతి మాటలుగా మనకు మిగిలిందేమీ లేదు. వాళ్ళ గురించి తెలిసిందంతా పోలీసు కాగితాల్లోంచి, పార్టీ కరపత్రాల్లోంచి, బంధువుల జ్ఞాపకాల్లోంచి. మొదటిదానిలో వాళ్ళు నేరస్థులు, రెండోదానిలో అమరులు. వంట ఎవరు చేసేవారు, నాయకత్వం విషయంలో మగవాళ్ళతో పేచీలు వచ్చేవా, భయమేసిన రాత్రి ఏం మాట్లాడుకున్నారు అన్న ప్రశ్నలకు రెండుచోట్లా జవాబు లేదు. బొడ్డపాడులో అమరుల స్మారకం ఉంది. ఏటా సభ జరుగుతుంది. రాయి మీద పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. లక్ష్మీ పండాకు లేకపోయిన దాఖలా వీళ్ళకు ఉంది, అది చావు తేదీ మాత్రమే.

ఇప్పటి సైన్యం

ఉద్దానం మగపిల్లలకు సైన్యం పాత ఉపాధే. తెల్లవారుజామున రోడ్డు పక్కన పరుగెత్తే కుర్రవాళ్ళు ఇక్కడ మామూలు దృశ్యం. ఒకే ఊరు దేశ సైన్యానికి జవాన్లను, కొండల్లోని దళానికి గెరిల్లాలను ఇచ్చిన చోటిది. అది ఇక్కడివాళ్ళకు వింతగా అనిపించదు.

ఆడపిల్లలకు ఆ దారి ఆలస్యంగా తెరుచుకుంది. వైద్య, నర్సింగ్ విభాగాలు కాక మిగతావాటిలో స్త్రీలను అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది. అది డిగ్రీ చదివినవాళ్ళకు. పది, ఇంటర్‌తో చేరే సిపాయి స్థాయి ఉద్యోగం మిలిటరీ పోలీసు విభాగంలో మొదలై, 83 మంది తొలి జట్టు 2021 మేలో బెంగళూరులో శిక్షణ ముగించింది. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న శాశ్వత కమిషన్ హక్కును నిలబెట్టింది. మరుసటి ఏడు నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు కూడా కోర్టు ఉత్తర్వుతోనే తెరుచుకున్నాయి. ఉద్దానం లాంటి చోటికి వీటిలో ఎక్కువ అక్కరకొచ్చేది సిపాయి, నావికురాలి ఉద్యోగమే. కుటుంబానికి తెలిసిన సైన్యం అది.

2022లో అగ్నిపథ్ పథకం కింద నౌకాదళం తొలిసారి స్త్రీలను నావికులుగా తీసుకుంది. వాళ్ళ శిక్షణ కేంద్రం ఐ.ఎన్.ఎస్. చిల్కా. 2023 మార్చి 28న అక్కడ జరిగిన తొలి కవాతులో దాదాపు 2,600 మందిలో 270కి పైగా అమ్మాయిలు ఉన్నారు. పలాసలో ఉత్తరం వైపు పోయే రైలెక్కితే సోంపేట, ఇచ్ఛాపురం, బరంపురం దాటాక కుడిచేతి కిటికీలో చిలికా సరస్సు కనిపించడం మొదలవుతుంది. శిబిరం ఆ దారిలోనే. నాలుగేళ్ళ ఉద్యోగం, అందులో నాలుగోవంతు మందికే కొనసాగింపు, మిగిలినవారికి పింఛను లేదు. ఈ షరతుల మీద వాదన నడుస్తోంది. చేరిన ప్రతి అమ్మాయికీ ఒక నంబరు మాత్రం ఇస్తారు, అది చిట్టాలో ఉంటుంది.